మూత లేని రొట్టె

ముక్కు పనిచేయడం లేదని షాపు తలుపు తీస్తుండగానే అతనికి తెలిసిపోయింది. రోజూ ఎదురొచ్చే కాల్చిన రొట్టె వాసన ఇవాళ రాలేదు. నిన్న సాయంత్రం వానలో తన దగ్గరున్న ఒక్క గొడుగూ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి చేతిలో పెట్టి, తాను తడుస్తూ ఇంటికి నడిచిన ఫలితం.

జలుబుకి ఎవరూ భయపడరు. అతను భయపడ్డాడు.

అతనికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టుకతోనే అంతే. రెండూ ఎండుగడ్డి రంగులోకి దిగిపోతాయి. చేరింది చూస్తే రంగురంగుల కూరగాయల రొట్టెలు చేసే షాపులో. ఇక్కడి రొట్టెకు మూత ఉండదు. ఒకే ముక్క మీద కూరగాయల ముద్ద పూసి, దానిమీద ముక్కలు పేర్చాలి. ఏం చేశామో అందరి కళ్ళముందే ఉంటుంది. పైన ఇంకో ముక్క కప్పి దాచేసే వీలు లేదు. ఇన్నాళ్ళూ డబ్బా ఉండే చోటునీ, వాసననీ నమ్ముకుని నెట్టుకొచ్చాడు. ఎడమవైపుది కాల్చిన ఎర్ర క్యాప్సికం ముద్ద, కుడివైపుది పాలకూర, పచ్చిబఠాణీల ముద్ద.

ఫ్రిజ్ తెరిచాడు. డబ్బాలన్నీ తళతళలాడుతున్నాయి. ఏదీ దాని చోట లేదు.

"నేనే సర్దాను, షెఫ్ గారూ," అంది కౌంటర్ దగ్గర ఆమె. ఓనరమ్మకి మేనకోడలు. "గొడుగుకి థాంక్స్ అనుకోండి. నిన్నటిదాకా అందులో ఎలుకలు కాపురం పెట్టినట్టుండేది."

"బావుంది," అన్నాడు. ఆ గొంతు తనది కానట్టు వినిపించింది.

అంతలో ఓనరమ్మ వచ్చింది. "కొత్త ఆఫీసు ఓపెనింగ్ ఆర్డర్. ఎర్రముద్ద మీద కీరా, ఆకుపచ్చముద్ద మీద టమాటా. చూడగానే రంగులు ఎగిరొచ్చి కంట్లో పడాలి బాబూ. మధ్యాహ్నానికి వ్యాన్ వస్తుంది."

ముద్దలున్న రెండు డబ్బాలూ తెరిచి ముందు పెట్టుకున్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. వాసన చూశాడు. ఏమీ లేదు. చెంచాతో రుచి చూశాడు. మట్టి.

ఆమెను అడగొచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట తర్వాత ఏమవుతుందో అతనికి బడిలోనే తెలిసింది. గుట్టు తెలిసిన రోజు నుంచి పిల్లలందరూ చేతికందిందల్లా మొహం ముందు ఊపేవారు. ఇదేం రంగురా? మరి ఇది? నవ్వే మొహాలన్నీ మర్చిపోయాడు గానీ, ఊగుతున్న ఆ వస్తువులు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. ఆమె చేతిలో అలాంటిదొకటి ఊగితే తట్టుకోలేననిపించింది.

భారం దేవుడి మీద వేసి ఒక డబ్బాని ఎరుపు అనుకున్నాడు.

ట్రేలు నిండాయి. ప్యాక్ చేయడానికి వచ్చిన ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ? ఎర్రదాని మీదే టమాటా పెట్టారు. ఆకుపచ్చదాని మీద కీరా. అత్త చెప్పింది వేరే కదా."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆమె చూపు డబ్బాల మీదికి, అక్కడి నుంచి ఫ్రిజ్ మీదికి వెళ్ళి, మెల్లగా అతని మొహం మీదికి వచ్చింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

"అయ్యాయా?" ఓనరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ట్రేల మీదికి వంగింది. "ఇదేం అవతారం?"

"నేనే అలా పెట్టమన్నానత్తా. కొత్తగా ఉంటుందని."

"ఎర్రచొక్కాకి ఎర్రప్యాంటు తొడిగినట్టుంది." కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, పంపించండి. వాళ్ళు తిడితే మాత్రం ఫోన్ నువ్వే ఎత్తు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదండీ," అన్నాడు నేల చూస్తూ. "చేరేటప్పుడే చెప్పాల్సింది."

ఆమె ఏదో ఒకటి ఎత్తి చూపిస్తుందని ఎదురుచూశాడు. ఆమె ఏదీ ఎత్తలేదు.

"మరి రోజూ పొద్దున్నే టమాటా పట్టుకొచ్చి, ఇది పండిందా అండీ అని అడుగుతారే. నిజంగా తెలీకేనా?"

"అవును."

"ఓహో." ఆ గొంతు పడిపోయింది. "నేనింకేదో అనుకున్నాను. ఆ టమాటా కోసమని రోజూ ముందే వచ్చి, జడ సరిచేసుకుని మరీ కూర్చుంటున్నాను. నా అంత మొద్దు ఇంకెక్కడా ఉండదు."

ఆమె అటు తిరిగి అట్టపెట్టెలు మడవసాగింది. ఇన్నాళ్ళూ అతను భయపడింది జరిగిపోయింది, అయినా కాళ్ళ కింద నేల అలాగే ఉంది. ఇప్పుడు ఆ వీపు చూస్తుంటే పట్టుకున్న భయం మాత్రం వేరు. దీనికి ముక్కూ, చోటూ ఏవీ సాయం రావు.

"మొదటి వారం తెలీకే అడిగాను," అన్నాడు.

పెట్టెల చప్పుడు ఆగింది. "తర్వాత?"

"నొక్కి చూస్తే తెలిసిపోతుందండీ. మెత్తగా ఉంటే పండినట్టే. వేలికి రంగుతో పనిలేదు."

"మరెందుకు అడుగుతున్నారు రోజూ?"

పైన కప్పుకోవడానికి ఇంకో ముక్క కోసం వెతికాడు, దొరకలేదు.

"మీరు చెప్తుంటే వినాలని."

ఆమె ఇటు తిరిగింది. బుట్టలోంచి ఒక టమాటా తీసి అతని అరచేతిలో పెట్టింది. రాయిలా ఉంది. అనుమానమే లేదు, పచ్చికాయ.

"ఇది పండిందా అండీ?" అని అడిగాడు.

"ఇలా ఇవ్వండి, చూసి చెప్తాను," అంది. టమాటాను మాత్రం తీసుకోలేదు. ఆ చేతినే దగ్గరికి లాక్కుంది.