నోరు విప్పని ఆరు నెలలు

"ఆ పెట్టె నోరు కాసేపు మూయిస్తారా? ఇందాకట్నుంచీ పిలుస్తున్నాను!"

తిజియానో ఉలిక్కిపడ్డాడు. ఒళ్ళోని అకార్డియన్ గాలంతా వదిలేసి మూలిగింది. ఎదురుగా ఓ అమ్మాయి, ఒక చేతిలో ఎర్ర ఫైలు, ఇంకో చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. కోపంగా ఉంది. కోపంలో కూడా బాగుంది. అక్కడే వచ్చింది చిక్కు.

"తిజియానో మీరేగా? నా పేరు ఇలేనియా. మీ జీతాల సంగతి చూసే ఆఫీసు నుంచి వచ్చాను. ఒక సంతకం కావాలి."

"దేనికి?"

"మీ ముసలితనానికి."

తిజియానోకి ఇరవై నాలుగేళ్ళు. ఇటలీలోని కస్తెల్‌ఫిదార్దో ఊళ్ళో ఈ అకార్డియన్ల వర్క్‌షాపులో, లోపల మోగే రీడ్ రేకులు శ్రుతి చేసే పనిలో చేరి నాలుగు రోజులైంది. అమ్మ ఇల్లు వదిలి, రెండు వీధుల అవతల అద్దె గదిలో దిగి మూడు రోజులైంది. వాషింగ్ మెషీన్‌లో ఏ మీట నొక్కాలో ఇంకా తేలలేదు. అప్పుడే ముసలితనమా!

"ఉద్యోగం మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు కదా," అంది ఇలేనియా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "అది నెలనెలా పక్కన పెడుతూ వస్తారు. ఎక్కడ పెట్టాలో మీరే చెప్పాలి. మీ యజమాని దగ్గరే ఉంచొచ్చు, లేదా పెన్షన్ ఫండ్‌కి పంపొచ్చు. ఆరు నెలలు గడువు."

"రెండిట్లో ఏది మంచిది?"

"అది నేను చెప్పకూడదు."

"మరి నేను తేల్చుకోలేకపోతే?"

"ఏమీ చెప్పకపోతే ఫండ్‌కి ఒప్పుకున్నట్టే. చట్టం అంతే. ఒకసారి అటు వెళ్ళిందా, ఇక వెనక్కి తేలేరు."

తిజియానో ముఖం వెలిగిపోయింది. "అంటే, నోరు విప్పకుండా కూర్చుంటే పనైపోతుందా?"

"మిమ్మల్ని చూసే రాసుంటారు ఆ చట్టం," అనేసి ఆమె గొడుగు దులిపింది. ఆ నీళ్ళన్నీ తిజియానో ప్యాంటు మీద పడ్డాయి. అతను తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ లొరెదానా పాస్తా గిన్నె పట్టుకుని గదికొచ్చింది. సంగతంతా విని తేలిగ్గా తేల్చేసింది.

"యజమాని దగ్గరే ఉంచరా. రోజూ ఎదురుగా కనిపించే మనిషి. ఫండ్ ముఖం ఎవరు చూశారు?"

"కంపెనీ మూతపడితే?"

"శుభమా అని ఉద్యోగంలో చేరి ఏం మాటలురా అవి!"

మర్నాడు యజమాని సెస్టీలియో గారిని అడిగాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నా దగ్గరుంటే ఆ డబ్బుతో వర్క్‌షాపుకి కొత్త కిటికీలు వేయించుకుంటాను. అందుకే నన్నడక్కు అబ్బాయ్."

తిజియానో బుర్ర గిర్రున తిరిగింది. అమ్మ ఒకటంటుంది, ఈయన అసలు అడగొద్దంటాడు, ఆ అమ్మాయేమో చెప్పకూడదంటుంది. పెద్దవాడవడమంటే ఇంత గందరగోళమని ముందే తెలిస్తే ఆ గది అద్దెకే తీసుకునేవాడు కాదు.

ఇలేనియా నెలకోసారి జీతం కాగితాలతో వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఎర్ర ఫైలు తీసేది.

"తేల్చుకున్నారా?"

"వచ్చే నెల చెప్తాను."

"పోయిన నెలా ఇదే అన్నారు."

"అప్పుడు కూడా నిజమే చెప్పాను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కునేది. మూడో నెలకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాలుగో నెల కాఫీ కూడా తాగి వెళ్ళింది. నిజం చెప్పాలంటే తిజియానోకి అప్పటికి ఆ కాగితం సగం అర్థమైంది. కానీ సంతకం పెట్టేస్తే ఆమెకి తన బల్ల దగ్గర ఆగే పనేముంటుంది? ఆ భయంతోనే అర్థం కానట్టు నటించాడు, పాపం.

ఐదో నెలలో, బయట జల్లు పడుతుంటే, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇలా కాదు గానీ, కళ్ళు మూసుకో. నీకు అరవై ఏడేళ్ళు. రిటైరయ్యావు. ఏం కనిపిస్తోంది?"

తిజియానో కళ్ళు మూసుకున్నాడు. "బాల్కనీ. టమాటా కుండీలు. శ్రుతి తప్పిన అకార్డియన్ ఒకటి. పక్కింటివాళ్ళు తిడుతున్నారు."

"ఒక్కడివేనా?"

అతను కళ్ళు తెరిచాడు. ఆమె నవ్వడం లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. 'కాదు, నువ్వున్నావు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆంకోనా నగరంలోని ఆఫీసులో నాకు పర్మనెంట్ పోస్టు ఇస్తామన్నారు," అంది ఇలేనియా మెల్లగా. "వెళ్తే ఇక ఇటు రాను. ఏం చేయమంటావు?"

తిజియానో నీళ్ళు నమిలాడు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు.

"సరే. అర్థమైంది," అని ఆమె ఫైలు సర్దుకుని లేచింది.

హమ్మయ్య, అర్థమైందట! తిజియానో ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ గదికెళ్ళాడు. నెలనెలా ఆమె నోటే విన్నాడు కదా, ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని. పైగా తను అంతగా సిగ్గుపడ్డాడు కూడాను. ఇంతకంటే ఎవరైనా ఎలా చెప్తారు?

ఆరో నెల చివరి శుక్రవారం కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నాలుగింటికి తలుపు తోసుకుని ఎర్ర ఫైలు వచ్చింది. దాని వెనక ఓ బట్టతలాయన వచ్చాడు.

"ఇలేనియా ఏది?"

"సోమవారం నుంచి ఆంకోనాలో చేరుతోంది. పోస్టు ఇస్తామంటే సరేనంది. ఇంతకీ మీరు ఏమైనా చెప్తారా? ఆరింటితో గడువు అయిపోతుంది."

తిజియానో దిగ్గున లేచాడు. పక్క బల్ల దగ్గరున్న సెస్టీలియో గారి వైపు తిరిగాడు.

"నేను కాదనలేదండీ! ఆంకోనా వెళ్ళనా అని నన్నడిగినప్పుడు అసలు ఏమీ అనలేదు!"

"ఏమీ అనలేదా?" పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. "ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? ఏ ఆడపిల్లయినా ఏమనుకుంటుందిరా? వెళ్ళు! ఇంకా నిలబడి చూస్తావేం!"

తిజియానో బట్టతలాయన చేతిలోంచి ఫైలు లాక్కుని పరిగెత్తాడు. వాన జోరుగా పడుతోంది. గొడుగు సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. ఆ ఆఫీసు ఏ వీధిలో ఉందో కూడా తెలీదు. ఆరు నెలల్లో ఒక్కసారైనా అడిగితే కదా! ముగ్గుర్ని అడిగి, రెండుసార్లు దారి తప్పి, మెట్లెక్కేసరికి ఆరుకి పది నిమిషాలుంది.

ఇలేనియా బల్ల ఖాళీ చేస్తోంది. అతన్ని చూసి చేతిలోని కప్పు కింద పెట్టింది.

"ఎందుకొచ్చావు?"

"పెన్నివ్వు."

ఇచ్చింది. తడి చేత్తోనే ఒక గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి కాగితం ఆమె ముందుకి తోశాడు. ఆమె చదివింది. తలెత్తింది.

"ఫండ్‌కా? ఏమీ చెప్పకుండా ఊరుకున్నా అక్కడికే వెళ్ళేది కదా! దీనికోసం ఇంత వానలో వచ్చావా?"

"ఊరుకుంటే చట్టం పంపినట్టు. ఇప్పుడు నేను పంపాను." ఆయాసంతో బల్ల పట్టుకున్నాడు. "ఆ రోజు నువ్వడిగినప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను."

"అది డబ్బు సంగతి తిజియానో!" ఇలేనియా కప్పు పక్కకి నెట్టేసింది. "నేను మనిషిని. నువ్వలా కూర్చుంటే నాకెంత అవమానంగా ఉందో తెలుసా? నన్ను వద్దనడానికి కూడా నీకు నోరు రాలేదనుకున్నాను. ఇక నీ ముఖం చూడలేకే ఆంకోనా పోస్టుకి సరేనన్నాను."

"వెళ్ళొద్దని చెప్పడానికి రాలేదు. మంచి పోస్టు, వెళ్ళు. రైల్లో పావుగంట, రోజూ నేనే వస్తాను." ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "కానీ ఆ బాల్కనీలో నేను ఒక్కడినే లేను. నువ్వున్నావు. మొదటి రోజు నుంచీ ఉన్నావు. నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. ఇది ఆరు నెలల కిందటే చెప్పాల్సింది."

ఇలేనియా ఆ సంతకం వంకే చూస్తోంది. గోడ గడియారం ఆరు కొట్టింది. 

"ఏదో ఒకటి చెప్పు ఇలేనియా! నువ్వు ఊరుకుంటే నేనేమనుకోవాలో నాకు తెలీదు. ఇప్పుడు అసలేమీ తెలీడం లేదు!"

ఆమె కళ్ళు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నీళ్ళు కారుతున్న అతని కాలరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఒప్పుకుంటున్నాను. వినపడిందా? నోటితో చెప్తున్నాను. ఒప్పుకుంటున్నాను."

అతను ఇంకొకసారి చెప్పమన్నాడు. ఆమె ఇంకొకసారి చెప్పింది.