పరస్వరం

పరీక్షకి ఇంకా పావుగంట ఉంది. మార్తమ్మ అన్నం వార్చి, గంజి గిన్నెకి మూత పెట్టి పొయ్యి పక్కన నేల మీద దించింది. ఆ ఇంట్లో కుక్కర్ వాడటం మానేసి ఏడాది దాటింది. విజిల్ వేస్తే, అదీ మనిషి గొంతే అనుకుని వినుబడి పాఠం ఆపేస్తుంది.

వినుబడి అంటే గోడకు బిగించిన అరచేతంత పెట్టె. బడులన్నీ మూసేసి ఇంటింటికీ వాటిని ఉచితంగా ఇచ్చిన నాటికి మార్తమ్మ కూతురు కెజియా ఇంకా పుట్టలేదు. అది కెజియా గొంతు గుర్తుపడుతుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతుంది. కానీ మరో గొంతు వినబడితే మాత్రం, ఎవరో జవాబు అందిస్తున్నారని తీర్మానిస్తుంది. దాన్ని పరస్వరం అంటారు. చదువుకోవడానికి వేరే గది ఉన్న ఇళ్ళలో ఆ మాట ఎవరికీ పెద్దగా తెలియదు. కొండ మీద ఒంటిగది ఇళ్ళలో తెలియనివాళ్ళు లేరు.

వసతి కళాశాల పరీక్ష కెజియాకి ఇప్పటికే రెండుసార్లు చేజారిపోయింది. మొదటిసారి కూరగాయల బండివాడి కేక. రెండోసారి తమ్ముడు యోనా ఏడుపు. ఇదే ఆఖరి అవకాశం. ఇది కూడా పోతే, పదమూడేళ్ళకే తల్లి పక్కన కూర్చుని హోటళ్ళకి వెల్లుల్లి ఒలవాలి. యోనా ఏడ్చిన ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాఠం నడిచే వేళంతా సైగలే.

పక్కింటి సుగుణమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమే మార్తా, ఇంట్లో ఉన్నది మనుషులా, బొమ్మలా?"

"నెమ్మది అక్కా. ఇవాళే పరీక్ష."

"తెలుసులేవే. మా ఆయన గురక పెడతాడని పొద్దున్నే కిందికి తోలేశా."

కెజియాకి నవ్వాగలేదు. సుగుణమ్మ యోనా గడ్డం పట్టుకుంది. "మూడేళ్ళు నిండుతున్నాయి వీడికి. అత్తా అనరా, ఒక్కసారి! ఊహూఁ. ఎవరికన్నా చూపించవే."

"మగపిల్లలకి మాటలు ఆలస్యమేగా. ఈ పరీక్ష కానీ, చూపిస్తా."

సుగుణమ్మ వెళ్ళిపోయింది.

"అమ్మా, భయంగా ఉంది," అంది కెజియా.

"నీకు వచ్చిందే అడుగుద్ది. చాప మీద నుంచి మాత్రం లేవకు."

ఆ చాప కూడా వినుబడితో వచ్చిందే. బరువు తగ్గగానే పెట్టెకు కబురు చేస్తుంది.

పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. అరగంటకి కింద కుళాయిలో నీళ్ళు వచ్చాయి. మార్తమ్మ రెండు వేళ్ళు చూపించింది: రెండు బిందెలు, ఇట్టే వస్తాను. చెప్పులు వేసుకోకుండా మెట్లు దిగింది.

మొత్తం నలభై ప్రశ్నలు. ముప్పై ఆరు అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు.

"ముప్పై ఏడు. వానాకాలంలో తడిబట్టలు త్వరగా ఎందుకు ఆరవు?"

కెజియా చెబుతోంది. చెబుతూనే, పొయ్యి దగ్గర యోనా నోరంతా తెరిచి ఉండటం కంటి చివర నుంచి గమనించింది. ఆవులిస్తున్నాడనుకుంది.

"ముప్పై ఎనిమిది."

దానికీ చెప్పింది. అప్పుడు మోకాలికి వెచ్చగా ఏదో తగిలింది. చాప మీదికి గంజి పారుతోంది.

తల తిప్పింది. యోనా కుడిచేయి మోచేతి దాకా కందిపోయింది. నోరు ఇంకా తెరిచే ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళ నీళ్ళు గడ్డం మీద నుంచి కారుతున్నాయి. గొంతు మాత్రం లేదు. ఊపిరి చప్పుడు కూడా బయటికి రానివ్వడం లేదు.

"ముప్పై తొమ్మిది," అంది వినుబడి.

కెజియా లేచింది. "అమ్మా!" అన్న కేక కుళాయి దాకా వినబడింది.

మార్తమ్మ బిందెతోనే పరుగెత్తుకొచ్చి వాడి చేయి చల్లటి నీళ్ళలో ముంచింది. వెనకే సుగుణమ్మ, "అయ్యో, ఎంత పని జరిగిందే!" అంటూ వచ్చింది.

"చాప ఖాళీ అయింది. పరస్వరం నమోదైంది. మీ మూడవ అవకాశం ముగిసింది," అంది పెట్టె ఎప్పటిలాగే మర్యాదగా. దీపం ఆరిపోయింది.

ఎవరూ అటు చూడలేదు.

"ఏడువురా నాన్నా," మార్తమ్మ వాడిని కుదుపుతోంది. "గట్టిగా ఏడువు. ఇంక పరీక్ష లేదు, ఏమీ లేదు. నోరు విప్పరా!"

"నేనేమీ అననురా," అంది కెజియా.

యోనా బెదురుతూ గోడ మీది పెట్టెకేసి చూశాడు. నీళ్ళలో లేని చేయి ఎత్తి, తల్లి నోరు మూశాడు.