గడియ వేసిన చేయి

విరులదుర్గం అనే రాజ్యంలో తప్పు చేసినవాడి చేయి రాయి అయిపోయేది. అబద్ధమాడితే వేలి కొస, దొంగతనం చేస్తే మణికట్టు దాకా, అంతకు మించిన పని చేస్తే ఇంకా పైకి. ఆ శాపం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అడిగితే తాతల పేరు చెప్పి తప్పించుకునేవారు.

విరుగుడు కూడా తాతల నాటిదే. రాజ్యం పొలిమేరలో పసరుకొండ అని ఒక కొండ ఉంది. దాని మొదట్లో ఒక రాతిగుంజ పాతి ఉంది. తప్పు చేసినవాడు ఒక గొర్రెపిల్లను తీసుకువెళ్లి ఆ గుంజకు కట్టి, దాని తల మీద చేయి పెట్టి, చేసిన పని దాని చెవిలో చెప్పి ఇంటికి వచ్చెయ్యాలి. వెనక్కి మాత్రం తిరిగి చూడకూడదు. చూస్తే వదిలిన పాపం మళ్లీ వెంటబడుతుందని భయం. మర్నాటికి గొర్రెపిల్లా ఉండదు, చేతికి రాయీ ఉండదు.

ఇంత సులువైన విరుగుడు చేతిలో ఉంటే జనం ఎలా ఉంటారో మీకు చెప్పాలా, పిల్లలూ? పొరుగువాడి కోడిని సంచిలో వేసుకుంటూనే, గొర్రెపిల్ల ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించేవారు. ఆ సంగతి చెబుతుంటే నాకే ఒళ్లు మండుతుంది. చివరికి ఒక సంవత్సరం, గొర్రెపిల్లలు మాయమవుతూనే ఉన్నాయి గాని, రాయి కరగడం మానేసింది. రెండు పిల్లల్ని కట్టమన్నాడు మంత్రి. తరువాత మందనే కట్టమన్నాడు. రాజు శూరవర్మకే మోచేతి దాకా రాయి పాకింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు అభయుడు, ఈ శాపం సంగతి తేలుస్తానని ఎన్నడో అడవికి వెళ్లి తిరిగి రాలేదు. ఇప్పుడు విరుగుడు తెచ్చినవారికి కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విన్నవాళ్లలో సోమక్క ఒకతె. గొర్రెల కాపరి కూతురు. ఆమెకు రాజుగారి బహుమతితో పనిలేదు. ఆమె అన్న యలమందకు భుజం దాకా రాయి పాకింది. ఇంకొంచెం పాకితే గుండె.

యలమంద చేసిన పని ఊరందరికీ తెలుసు. ఒక సందెవేళ తోడేళ్లు మంద మీద పడ్డాయి. తండ్రి వెనకబడిన గొర్రెల్ని తోలుకు వస్తున్నాడు. ముందే దొడ్డిలోకి వచ్చేసిన యలమంద వణికిపోయి, తండ్రి ఇంకా బయటే ఉన్నాడని తెలిసి కూడా, తలుపుకు గడియ వేశాడు. తండ్రి ప్రాణాలతో మిగలలేదు. గడియ వేసిన చేయి ఆ పూటే రాయి కావడం మొదలుపెట్టింది. అప్పటి నుంచీ యలమంద ఎవరితోనూ మాట్లాడడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు.

"ఉన్న గొర్రెపిల్లలన్నీ కట్టాం. ఇంక కట్టడానికేం లేదు. నువ్వన్నా పోయి ఏదన్నా దారి చూడవే. మిగిలింది వాడొక్కడే" అంది తల్లి.

"నేను మిగల్లేదా?" అంది సోమక్క.

"నువ్వున్నావు కాబట్టే గదా పొమ్మంటున్నా."

సోమక్కకు అన్న మీద జాలి లేదు. అతన్ని చూస్తే తండ్రి గుర్తుకు వచ్చి కడుపు రగిలిపోయేది. కాని తల్లి ముఖం చూడలేక, తండ్రి గొంగడి భుజాన వేసుకుని, ఆయన చేతికర్ర పట్టుకుని అడవిలోకి బయలుదేరింది.

మొదట ఒక ముని ఎదురయ్యాడు. తల మీద పెద్ద బండ పెట్టుకుని ఒక గుట్ట ఎక్కుతున్నాడు. సోమక్క దండం పెట్టి తన అన్న సంగతి చెప్పింది.

"ఉపాయమున్నది తల్లీ. నీవు కూడా ఒక బండనెత్తుకొని ఈ గుట్ట నెక్కుము. మోసిన కొద్దీ పాపము తరుగును" అన్నాడు ముని.

సోమక్క బండ ఎత్తుకుంది. గుట్ట ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. విచిత్రం ఏమిటంటే, దించి ఎత్తిన ప్రతిసారీ బండ పెరుగుతోంది. మెడ నరాలు తెగిపోతున్నాయి. చివరికి ఆమె ఓపిక నశించింది.

"సామీ, ఎంత మోస్తే తీరుద్ది?"

"అది నాకునూ తెలియదు. నేనింకను మోయుచునే యున్నాను."

సోమక్క కిందికి చూసింది. ముని కాళ్లు మోకాళ్ల దాకా రాయి అయి ఉన్నాయి. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా సామీ" అని బండను అక్కడే దొర్లించేసి, తిట్టుకుంటూ ముందుకు నడిచింది.

అడవి నడుమ ఒక గుహలో ధూమ్రకేశి అనే రాక్షసి ఉండేది. సోమక్క అటు పోగానే గుహ నోరు దానంతటదే తెరుచుకుని ఆమెను లోపలికి లాక్కుంది. రాక్షసి పళ్లు కుట్టుకుంటూ కూర్చుని ఉంది.

"రాయి తినడం నాకు సరదానే పిల్లా. మీ అన్న చేతిని కొరికి పెడతాను. కాని ఊరికే ఎవరు చేస్తారు? నీకు ఇష్టమైనది ఏదో ఒకటి ఇయ్యి" అంది.

సోమక్క తన బారెడు జడ కోసి ఇచ్చింది. రాక్షసి దాన్ని నమిలి, "దీనికి ఒక గోరు వదులుద్ది" అంది. సోమక్క పళ్లు కొరుక్కుని తండ్రి గొంగడి ఇచ్చింది. అది ఆయన గుర్తుగా మిగిలిన వస్తువు. రాక్షసి దాన్ని కూడా మింగి, "ఇంకో గోరు. ఇంకేం తెచ్చావు?" అంది.

"ఇంకేం లేదు. మా అన్న మీద కోపం ఉంది, కావాలంటే తీసుకో" అంది సోమక్క విసుగ్గా.

రాక్షసి గబుక్కున వెనక్కి జరిగింది. "అది నాకొద్దు. అది నీ దగ్గరే ఉంచుకో. మీ ఇళ్లలో అలాంటివి ఉండబట్టే కదా నేను బతుకుతున్నాను" అంది.

అంటే ఇది ఒక్క గోరు కూడా వదిలించదు. అడుగుతూనే ఉంటుంది. సోమక్కకు ఒళ్లు తెలియని కోపం వచ్చి, చేతికర్రను రాక్షసి దవడల మధ్య అడ్డంగా దూర్చింది. రాక్షసి నోరు మూయలేక గిలగిలలాడింది. గుహ నోరు కూడా దాని నోటి లాంటిదే కాబట్టి అదీ మూతపడలేదు. సోమక్క బయటికి దూకి పరుగెత్తింది.

జడ పోయింది, గొంగడి పోయింది, కర్ర పోయింది. అన్న చేయి అలాగే ఉంది. తిరిగి తిరిగి ఆమె పసరుకొండ మొదటికే వచ్చిపడింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారి నౌకరు ఒక గొర్రెపిల్లను గుంజకు కట్టి, దాని చెవిలో ఏదో గొణిగి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

సోమక్క పొదచాటున నిలబడి గుంజవైపే చూసింది. చూడకూడదని చిన్నప్పటి నుంచీ చెప్పారు. పాపం వెంటబడితే పడనీ అనుకుంది. ఇంతకంటే ఏమవుతుంది?

కొండ చీలికలోంచి ఒక తెల్ల పొట్టేలు వచ్చింది. పళ్లతో ముడి విప్పి, గొర్రెపిల్లను వెంటబెట్టుకుని బయలుదేరింది. దాని ఎడమ చెవికి ఏటవాలుగా ఒక గాటు ఉంది. ఏ కాపరి గాటు వాడిది. ఆ గాటు సోమక్క తండ్రిది.

"నువ్వు మా పిల్లవి. బతికే ఉన్నావా?" అంది ఆమె ఎదురువెళ్లి.

"బతక్కేం? మమ్మల్ని ఎవరూ తినలేదు. చెవిలో చెప్పినవి మోయడం మాత్రం మా వల్ల కాలేదు. మేము గొర్రెలం. వేరే ఒకాయన మోస్తున్నాడు" అంది పొట్టేలు. "ఇన్నేళ్లలో వెనక్కి చూసినదానివి నువ్వే. రా."

చీలిక దాటితే పచ్చటి లోయ. తాతల కాలం నుంచి కట్టిన మందల సంతతి అంతా అక్కడ మేస్తోంది. నడుమ ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతులు, కాళ్లు, నడుము అంతా రాయే. ముఖం ఒక్కటే మిగిలింది. పొట్టేలు కొత్త గొర్రెపిల్లను ఆయన ముందు నిలబెట్టగానే, దాని చెవిలోని మాట ఆయన మెడ మీద ఇంకొంచెం రాయిగా పాకింది. ఆ ముఖంలో రాజు పోలికలు చూసి సోమక్క గుర్తుపట్టింది. ఆయన అభయుడు.

"మీరేం తప్పు చేశారు దొరా?" అని అడిగింది.

"ఏమీ చెయ్యలేదు. ఇవన్నీ మీవి."

సోమక్క తన పేరు, అన్న సంగతి చెప్పింది. "ఏం ఇవ్వాలో చెప్పండి. నా దగ్గర కళ్లున్నాయి, గొంతుంది."

"ఏమీ వద్దు."

ఆ మాటకు సంతోషించాల్సింది పోయి, సోమక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏమీ వద్దా? బండలు మోశాను. జడ ఇచ్చాను. మా నాయన గొంగడి ఇచ్చాను. అదంతా ఎందుకు మరి?"

"నేను అడిగానా సోమక్కా?" అన్నాడు అభయుడు మెల్లగా. "ఒకటి మోసేలోపే కొత్తవి వచ్చిపడుతున్నాయి, అందుకే రాయి కరగడం లేదు, ఒక్కొక్కటిగా మోస్తే ఇది తెగేది కాదు. అందరిదీ ఒక్కసారే మోయాలి. ఇన్నాళ్లూ గొర్రెపిల్లకు చెప్పి పారిపోయారు గాని, నాకు చెప్పుకున్నవాళ్లు లేరు. నన్ను ఆ గుంజ దగ్గరికి తీసుకుపో. నా చేతులు లేవవు. నువ్వే కట్టాలి."

"ఒకసారి మా నాయన పోయాడు. ఇప్పుడు నిన్ను నా చేతులతో కట్టమంటావా?"

"నన్నెవరూ ఈడ్చుకురాలేదు. నేనే వచ్చాను."

పొట్టేళ్లన్నీ కలిసి ఆయన్ని గుంజ దాకా మోశాయి. సోమక్క తాడు కట్టి, ఆయన తల మీద చేయి పెట్టింది. "మా అన్న గడియ వేశాడు. మా నాయన చచ్చిపోయాడు" అంది.

"అది మీ అన్నది. నీది?"

నాదేముంది అనబోయి సోమక్క ఆగిపోయింది. కొన్నాళ్లుగా మడమ బరువుగా ఉంది, ముల్లేమో అనుకుంటోంది. వంగి చూస్తే రాయి. చేత్తో చెయ్యని తప్పు కదా, కాలికి పట్టింది. "వాడు రాయి అయిపోతే బాగుండని ఉంది. అమ్మ కోసం వచ్చాను గాని, నా మనసులో వాడు ఆ గోడ పక్కనే రాయి అయిపోవాలి" అంది.

అభయుడు కళ్లు మూసుకున్నాడు. రాయి ఆయన మెడ దాటి, పెదవులు దాటి, నుదురు దాటింది. సోమక్క మడమ తేలికైంది. కాని గుంజ పక్కన ఇంకో గుంజలా ఆ మనిషి బిగుసుకుపోయాడు. పిలిస్తే పలకలేదు. ఆమె ఆ రాతిని పిడికిళ్లతో గుద్దింది. మంచివాళ్లే ఎందుకు బయట మిగిలిపోతారని కొండనూ ఆకాశాన్నీ తిట్టింది. గొర్రెలు కదలకుండా చుట్టూ పడుకున్నాయి. ఆమె కూడా అక్కడి నుంచి కదలలేదు.

ఒక ఉదయం గుంజ నిలువునా పగిలింది. ఆమె ఉలిక్కిపడి చూసేసరికి రాతి పెచ్చుల మధ్య అభయుడు నిలబడి ఉన్నాడు. మామూలు మనిషి చేతులు, మామూలు మనిషి కాళ్లు. మణికట్ల మీద తాడు ఒరిపిడి మాత్రం మిగిలింది. "పద, మీ ఊరికి పోదాం" అన్నాడు.

దారి పొడుగునా అభయుడి వైపు చాపిన జనం చేతుల నుంచి రాళ్లు రాలిపోయాయి. రాజు కొడుకును కౌగిలించుకుని, రెండు చేతులతో కిరీటం తీసి అతని తలకు పెట్టాడు. కోరుకోమంటే, మందలన్నీ లోయలోంచి ఇంటికి రావాలని అడిగింది సోమక్క. అన్నీ వచ్చాయి. మంత్రి ఒక్కడే, ఊరికే వచ్చినదానికి విలువేముంటుందని అభయుడి వైపు చెయ్యి చాపకుండా, గొర్రెపిల్లల కోసం పొరుగు రాజ్యానికి పోయాడు. ఆయన చెయ్యి ఎలా ఉందో నాకు తెలియదు. రాజు దగ్గర జరిగినవన్నీ తరువాతి సంగతులు. ముందు వాళ్లిద్దరూ సోమక్క ఇంటికి వెళ్లారు.

యలమంద గోడవైపే తిరిగి ఉన్నాడు. రాయి అలాగే ఉంది.

సోమక్క మండిపడింది. "అందరికీ రాలింది. వీడికెందుకు రాలలేదు దొరా?"

"మోయవలసింది మోశాను. వాడు వదలడం లేదు" అని అభయుడు గడప బయటే నిలబడ్డాడు.

సోమక్క లోపలికి వెళ్లి అన్న పక్కన కూర్చుంది. "నాయన బయటున్నాడని తెలిసే గడియ వేశావు" అంది. యలమంద కదలలేదు. "లేదని నేను అనను. నువ్వు చావాలని కూడా అనుకున్నా. ఇప్పుడు వదిలేస్తున్నా. ఇంక నిన్ను అడగను. ఇటు తిరుగు." చెబుతున్నంతసేపూ ఆమెకు లోపల మంటగానే ఉంది. అయినా చెప్పింది. చెప్పి, ఆ రాతి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

యలమంద గోడవైపు నుంచి ఇటు తిరిగి నోరు తెరిచాడు.

"నేను గడియ వేశాక నాయన తలుపు దాకా వచ్చాడు. తియ్యబోయాను. తోడేళ్లు ఆయన వెనకే ఉన్నాయి. బయటి నుంచి తలుపు గట్టిగా పట్టుకుని, తియ్యమాక అయ్యా, లోపలే ఉండు అన్నాడు. కోపంగా అనలేదు."

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నా తప్పు తగ్గించుకున్నట్టు ఉంటదని."

సోమక్క ఏడ్చింది. తండ్రి ఎప్పుడో క్షమించి పోయిన మనిషి మీద తామిద్దరూ ఇన్నాళ్లు కాపలా కాశారు, ఆమె బయటి నుంచి, అతను లోపలి నుంచి. ఆమె ఒళ్లో రాయి మెత్తబడింది. ఆ వేళ్లు ఆమె వేళ్లను పట్టుకున్నాయి.

గడప దగ్గర నిలబడిన అభయుణ్ణి లోపలికి రమ్మని తల్లి పీట వేసింది.