చెల్లని కార్డు

"ఈ మాట ఎవరన్నారండీ?"

కార్డు వచ్చి బల్ల మీద పడింది. జల్లెడ వచ్చిందని కొత్తబ్బాయి తలెత్తకుండానే గుర్తుపట్టాడు. ఆ నిఘంటువు ఆఫీసులో ఆమెకు అందరూ పెట్టుకున్న పేరది. ఆమె కళ్లుగప్పి తప్పు కార్డు బయటపడిన దాఖలా లేదు మరి. ఇతను చేరి రెండేళ్లయినా ఇంకా కొత్తబ్బాయే.

మూడు వారాలుగా ఇద్దరూ 'కీప్' అనే ఇంగ్లీషు క్రియతో కుస్తీ పడుతున్నారు. ఉంచుకోవడం, దాచడం, కోళ్లను పెంచడం... తవ్వేకొద్దీ అర్థాలే. ఒక్కో అర్థానికి ఒక కార్డు, కార్డుకో తెలుగు వాక్యం. వాక్యం సొంతంగా అల్లకూడదని ఆఫీసు నడిపే పెద్దాయన నియమం. ఎవరి నోటైనా విని, ఎవరన్నారో, ఎప్పుడన్నారో అడుగున రాయాలి. 'మాట నిలబెట్టుకోవడం' కార్డుకు ఇంకా వాక్యం దొరకలేదు.

ఇప్పుడు వెనక్కొచ్చింది 'పోనివ్వకుండా ఆపడం' కార్డు. దాని మీద "ఆమెను వెళ్లనివ్వకూడదు" అని ఉంది. అడుగు గీత ఖాళీ.

"ఎవరూ అనలేదండీ," నసిగాడు.

"అనని మాట కార్డెక్కిందా? నియమం తెలీదూ?"

"తెలుసు. అందామనే అనుకున్నా. నోరు పెగల్లేదు."

ఆమె చేతిలో ఇంకో ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగం కవరుంది. చేరేదీ లేనిదీ సాయంత్రం ఐదుకల్లా రాసి పంపాలి. గోడ గడియారంలో నాలుగూ నలభై. కిటికీ అవతల సన్నగా వాన పడుతోంది.

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పెన్ను మూత తీసింది.

"అయితే ఇది చెల్లదు. చెల్లాలంటే ఎవరో ఒకరు అనాలి. నేను వింటున్నా."

ఆమె లేని ఆఫీసుకు రేపు ఎలా రావాలో అతనికి తెలియదు.

"మిమ్మల్ని వెళ్లనివ్వకూడదండీ. ఆఫీసు కోసం కాదు, నా కోసం."

"కార్డులో 'ఆమెను' అని ఉందే?"

"మీరు ఎదురుగానే ఉన్నారుగా!"

ఆమె నవ్వాపుకుంటూ వంగి అడుగున రాసింది: కొత్తబ్బాయి, ఈ రోజు, నాలుగూ నలభై మూడు. తర్వాత కవరు పక్కన పెట్టి తెల్ల కాగితం అందుకుంది.

"రానని వాళ్లకు రాసేస్తా."

"అంటే... చెల్లినట్టేనా?"

"నా దగ్గర చెల్లింది. ఇదే మాట మా నాన్న దగ్గరా అనాలి. నన్ను జల్లెడంటారు గానీ, అసలు జల్లెడ ఆయన."

"ఆదివారం వస్తా. తప్పకుండా వస్తా."

"రండి," అంది ఆమె, ఖాళీ కార్డొకటి తన సంచిలో వేసుకుంటూ. "అబ్బాయి మాట నిలబెట్టుకున్నాడని నాన్న అంటే, ఆ కార్డు కూడా అక్కడే పూర్తిచేస్తా."