ఇద్రీస్ చెప్పని మాట

శుక్రవారం పొద్దున్నే యమ్నా కుస్కుసు రవ్వ ఆవిరికి పెట్టి, కూరలోకి శనగలు మరో గుప్పెడు వేసింది. చిన్నకొడుకు ఇద్రీస్‌కి శనగలంటే ఇష్టం. గంజాయి మోసి జైలుకెళ్లినవాడు, మొన్ననే ఇంటికొచ్చాడు.

నమాజయ్యాక అందరూ బల్ల చుట్టూ చేరారు. మధ్యలో పెద్ద మట్టి పళ్లెం. మెక్నెస్ ఊళ్లో శుక్రవారమంటే ఇల్లంతా దాన్లోనే తినాలి. పెద్దకోడలు హ్నియా మాత్రం ఇద్రీస్ ముందు విడిగా ఓ గిన్నె పెట్టింది.

"ఇదేంటి వదినా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"ఏమనుకోకు మరిదీ. జైలుకి ములాఖత్‌కొచ్చే ఆడాళ్లు చెప్పుకుంటున్నారు, నువ్వు అక్కడ ఎయిడ్స్ గదిలోనే ఉండేవాడివట. నా కడుపులో బిడ్డుంది."

ఆ మాట యమ్నా చెవినా ముందే పడింది. అందుకే నిన్న వాడు తాగిన టీ గ్లాసు ఎవరూ చూడకుండా వేరుగా కడిగింది.

ఇద్రీస్ నవ్వాడు. "ఆ గదిలో పాఠం చెప్పింది నేనే వదినా. జైలు డాక్టరమ్మ మాకు నేర్పింది, మేం తోటివాళ్లకి చెప్పాం. ఒకడి బ్లేడు ఇంకొకడు వాడొద్దని, పచ్చబొట్టు సూది పంచుకోవద్దని. రక్తపరీక్షంటే అందరూ పారిపోయేవాళ్లు. ముందు నేను చెయ్యి చాపా. అది చూసి బ్యారక్ బ్యారక్కే వరసలో నిలబడింది. మొనగాళ్లు కూడా సూది చూడలేక నా భుజం పట్టుకుని కళ్లు మూసుకున్నారనుకో!"

పెద్దవాడు మీలూద్‌కి నవ్వు రాలేదు. "సరేరా, నీకుందా లేదా? ఒక్క మాట చెప్పు, గొడవ వదిలిపోతుంది."

"చెప్పను, అన్నా."

"ఏం? దాచేదేముంది?"

"లేదంటే పళ్లెం, ఉందంటే గిన్నె. అంతేగా? నా పక్క మంచం బూఅజ్జాకి ఆ జబ్బుంది. మందులు వేసుకుంటున్నాడు, దుక్కలా ఉన్నాడు. వాడూ నేనూ ఒక్క గిన్నెలోనే తిన్నాం. కలిసి తింటే రాదని నేనే చెప్పా. వాడు విడుదలై వెళ్తే వాళ్లింట్లో మెట్లకింద కూర్చోబెట్టి పెడుతున్నారు. ఇప్పుడు నాకు లేదని చెప్పుకుని నేనీ పళ్లెంలో చెయ్యి పెడితే, వాడి మొహం ఎట్లా చూసేది?"

యమ్నా కొడుకునే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు దెబ్బ తప్పుతుందంటే ఎంత అబద్ధమైనా ఆడేవాడు. ఇవాళ ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. అయినా ఇంకొకడి కోసం నోరు మూసుకుని కూర్చున్నాడు. వీణ్ణి కన్నది తనేనా అనిపించింది.

లేచి వాడి గిన్నె పళ్లెంలో బోర్లించేసింది. తన ముందున్న రవ్వతో కలిపి, అరచేతిలో ముద్ద చేసి వాడి నోట్లో పెట్టింది. అదే చేత్తో తనూ తిన్నది.

"నీ గ్లాసు నేనూ వేరుగా కడిగాన్రా," అంది.

హ్నియా తలగుడ్డ అంచుతో కళ్లొత్తుకుంది. "నా బిడ్డకేం కాదుగా మరిదీ?"

"కలిసి తింటే ఏం కాదు. కడుపుతో ఉన్నావు కాబట్టి నువ్వూ పరీక్ష చేయించుకో. అన్నయ్యని కూడా తీసుకెళ్లు."

"నేనెందుకురా?" మీలూద్‌కి పొలమారింది.

"మొనగాడివిగా! భుజం నేనిస్తాలే."

కళ్లొత్తుకుంటున్న హ్నియాతో సహా అందరికీ నవ్వొచ్చింది. యమ్నా మాత్రం ఉందా లేదా అని కొడుకుని అడగలేదు.

"వచ్చే శుక్రవారం ఆ బూఅజ్జాని తీసుకురా," అంది. "నా పక్కన కూర్చోబెట్టుకుంటా."