కొండదారికి నాలుగు టైర్లు

"అవి మీకు అమ్మను," అన్నాడు అతను.

ఆమె చెయ్యి ఇంకా టైరు మీదే ఉంది. వేలు దూరేంత లోతు గాడులు, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు. చూడగానే ఎలాంటి బురదైనా భయపడి పక్కకి తప్పుకుంటుందనిపించే టైరు.

"అమ్మనప్పుడు షాపులో ఎందుకు పెట్టారు? అందానికా?"

"అమ్ముతానండీ. క్వారీవాళ్ళకి, అడవిలో కలప లాగేవాళ్ళకి. మీకు మాత్రం కాదు."

"ఏం, నేను ఏం పాపం చేశాను?"

"మీ దారిలో బురద ఎంత ఉంది?"

"చివర్లో ఉంది. ఎర్రబంక మట్టి, ఏటవాలు."

"దానికి ముందు?"

"గులకరాళ్ళ రోడ్డు. దానికి ముందు తారు రోడ్డు."

"అంటే చివర ఆ కాస్త బంకమట్టి కోసం దారంతా చెవులు గింగురుమనే చప్పుడు భరిస్తారు. వాన పడితే తడి తారు మీద బ్రేకు వేసినా జీపు జారుకుంటూ పోతుంది. మీకు కావలసింది ఆల్ టెర్రైన్. తారు మీదా పట్టు ఉంటుంది, మట్టిలోనూ నడుస్తుంది."

చెప్పేటప్పుడు అతను ఆమె వైపు చూడటం లేదు. జీపు వైపు చూస్తున్నాడు. ఆమెకి అదే ఎక్కువ ఒళ్ళు మండించింది.

ఆమె పశువుల డాక్టరు. కొండ మీద పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. చదువుకునే రోజుల నుంచీ కోరుకున్న ఉద్యోగం. అడ్డమల్లా నాన్నే. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆ దారి పేరెత్తితే చాలు తల అడ్డంగా ఊపేసేవాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. వచ్చే ఆదివారం తనూ జీపులో వస్తాడు. కూతురే నడపాలి. ఎక్కడైనా ఇరుక్కుపోయి, తోసేవాళ్ళ కోసం చూడాల్సి వస్తే ఆ ఉద్యోగం మాట మర్చిపోయి ఇక్కడే ఏదో క్లినిక్‌లో చేరాలి.

నాన్నని ఎదిరించి వెళ్ళిపోవడం ఆమెకి పెద్ద పనేం కాదు. ఒప్పించి వెళ్ళాలన్నదే ఆమె పట్టుదల. అందుకే షరతుకి సై అంది. అందుకే ఇప్పుడు ఈ టైర్ల షాపులో నిలబడి ఈ మొండిమనిషితో వాదిస్తోంది.

"సరే, ఆల్ టెర్రైనే ఇవ్వండి," అంది.

అతను సంతోషంగా ఒక వెడల్పు టైరు దొర్లించుకొచ్చాడు. "ఇదైతే నేలని గట్టిగా పట్టుకుంటుంది."

"అది వద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. ఆ దారిలో మూడు మలుపుల్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి."

"రాసుకోదండీ."

"పెట్టి చూడండి."

పెట్టి చూశాడు. రాసుకుంది. బర్రుమని చప్పుడు కూడా చేసింది. అతను టైరు వెనక్కి దొర్లించుకుపోతుంటే ఆమె నవ్వు దాచుకోలేదు.

కౌంటర్ దగ్గర కూర్చున్న అతని తల్లి అంతా చూస్తూనే ఉంది. షాపు ఆవిడదే. "వాడితో వాదించి లాభం లేదమ్మా. పుట్టినప్పుడు కూడా డాక్టరుతో వాదించాడు. మా షాపులో ఒక పద్ధతుంది. దారి చూడకుండా టైరు చెప్పం. ట్రయల్ సెట్టు బిగిస్తాడు, ఇద్దరూ వెళ్ళి ఆ దారి చూసి రండి."

"ఇతనితోనా?" అంది ఆమె.

"ఈమెతోనా?" అన్నాడు అతను, అదే సమయానికి.

ఆవిడ అప్పటికే ఫోన్ ఎత్తి ఎవరితోనో మాట్లాడుతోంది.

బయలుదేరేముందు అతను జీపు వెనకభాగం ఖాళీ చేయించాడు. ఉద్యోగంలో రోజూ ఆమె మోసుకెళ్ళే బరువు ఎంతో అంతే ఉండాలట, అప్పుడే టైరు సంగతి తేలుతుందట. పాత సంచులు, తాళ్ళు, డబ్బాలు అన్నీ దింపి, మందుల పెట్టెలూ టీకాల ఐస్‌బాక్సూ ఎక్కించాడు. ఇంత ఛాదస్తమేంటి బాబూ అనుకుంది ఆమె. కానీ పని మీద అంత శ్రద్ధ ఉన్న మనిషిని చూసి చాలా రోజులైందని కూడా అనుకుంది.

తారు రోడ్డు మీద సన్నగా వాన మొదలైంది. ఆమె నడుపుతోంది. అతను పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ కుడికాలు నేలకేసి నొక్కుతున్నాడు.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది ఆమె.

"తెలుసు. అలవాటు."

"నేను బస్సు డ్రైవరు కూతుర్ని. నడక రాకముందే స్టీరింగ్ పట్టుకున్నాను."

"మరి ఇందాకటి నుంచి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కాలు తీసేవారా?"

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి మలుపులో మళ్ళీ పెట్టాడు. ఈసారి ఇద్దరూ నవ్వారు.

బంకమట్టి ఎత్తు దగ్గర అతను దిగి నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. ఒక్కో వాల్వు దగ్గరా కూర్చుని, గేజీ పెట్టి చూసుకుంటూ, అలా ఎందుకు తగ్గించాలో ఆమెకి చెప్తూ. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, ఎక్కువ నేలని పట్టుకుంటుంది. పని చెయ్యడమే కాదు, నేర్పడం కూడా అతనికి బాగా వచ్చని ఆమెకి అర్థమైంది. జీపు ఒక్కసారి కూడా తడబడకుండా ఎత్తెక్కింది. పైన రేకుల కప్పు ఆస్పత్రి, దాని ముందు కట్టేసి ఉన్న నాలుగైదు ఆవులు కనబడగానే ఆమె గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వు చూసి అతను ఒక్క క్షణం టైర్ల సంగతి పూర్తిగా మర్చిపోయాడు. అంతకుముందు ఎవరి వల్లా అతనికి అలా జరగలేదు.

తిరిగి తారు రోడ్డు దగ్గరికి వచ్చాక ఆమె జీపు ఆపింది. "ఇక గాలి కొట్టండి."

అతను వెనక్కి వెళ్ళాడు. మందుల పెట్టెలు జరిపాడు. ఐస్‌బాక్స్ ఎత్తాడు. సీటు కింద కూడా వెతికాడు.

"ఏమైంది?"

"పంపు లేదు."

"లేదా?"

"మీ బరువు లెక్క కోసం అన్నీ దింపాను కదా. వాటితోపాటు ముందే పెట్టిన నా పంపు కూడా దింపేశాను."

ఆమె స్టీరింగ్ మీద తల ఆనించి పడీపడీ నవ్వింది. టైర్ల షాపతను పంపు మర్చిపోయి, గాలి తీసేసి, రోడ్డు మీద నిలబడటం. ఇది బయటికి తెలిస్తే షాపు బోర్డు మార్చుకోవాలి.

గాలి తగ్గిన టైర్లతో తారు మీద వేగంగా వెళ్తే టైర్లు వేడెక్కి పాడవుతాయి. అందుకని నత్తనడకన బయలుదేరారు. ఒక సైకిలు వాళ్ళని దాటుకుపోయింది. దాని మీదున్న పెద్దాయన వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"నిజం చెప్పండి. కావాలనే మర్చిపోయారా?" అంది ఆమె.

"కావాలనే అయితే ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చేవాణ్ణి కదా."

నెమ్మదిగా వెళ్ళే జీపులో మాటలకి కొదవేముంది. ఆమె తను చేసిన మొదటి ఆవు కాన్పు గురించి చెప్పింది. రాకెట్లు చేద్దామనుకున్నవాణ్ణి టైర్ల దగ్గర ఎలా కూలబడ్డానో అతను చెప్పాడు. షరతు సంగతి కూడా ఆమె దాచలేదు.

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి," అన్నాడు అతను, అది విన్నాక. "మీ పక్కన ఇలా కూర్చోవడం నాకు చాలా ఇష్టంగా ఉంది. ఈ రోడ్డు అయిపోకుండా ఉంటే బావుండనిపిస్తోంది. ఆదివారం మీరు గెలిస్తే కొండెక్కి వెళ్ళిపోతారు. మిమ్మల్ని తీసుకెళ్ళేది నేనిచ్చిన టైర్లే."

"అయితే చెత్త టైర్లు ఇస్తారా?"

"ఇవ్వలేను. అదే నా బాధ."

ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉంచింది. "ఆదివారం కానివ్వండి. తర్వాత మాట్లాడదాం," అంది. ఆ గొంతులో కాదనడం లేదని అతనికి తెలిసిపోయింది.

ఆదివారం వాన జోరుగానే పడింది. కొత్త ఆల్ టెర్రైన్ టైర్లు, ఆమె కొలత ప్రకారం. వెనక పంపు. పక్క సీట్లో చేతులు కట్టుకుని నాన్న.

తారు మీద ఆయన కళ్ళు కూతురి చేతుల మీదే ఉన్నాయి. గులకరాళ్ళ మీద కూడా అంతే. బంకమట్టి ఎత్తు సగంలో ఉండగా వెనక చక్రాలు జారాయి. జీపు ఒక పక్కకి ఒరిగి నిలిచిపోయింది.

"ఆగిపోయింది," అన్నాడు నాన్న. ఆ గొంతులో సంతోషం లేదు. నిజానికి ఆయనకీ బాధగానే ఉంది.

"ఆగలేదు నాన్నా. నేను ఆపాను."

యాక్సిలేటర్ తొక్కితే చక్రాలు అక్కడే తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. ఆమె తొక్కలేదు. మెల్లగా వెనక్కి దింపి, చదునుగా ఉన్నచోట నిలిపి, వానలోకి దిగింది. ఇవాళ మట్టి ఇంత మెత్తబడిందని ముందే దిగి చూసుకోవాల్సింది. తప్పు తనది, టైర్లది కాదు. వాల్వుల దగ్గర కూర్చుని గాలి తీసింది. నాన్న దిగి గొడుగు పట్టాడు కానీ చెయ్యి వెయ్యలేదు. చెయ్యి వేస్తే షరతు ప్రకారం కూతురు ఓడినట్టేనని ఆయనకి తెలుసు.

మళ్ళీ ఎక్కింది. లో గేరు. ఒకే వేగం. టైర్లు మట్టిని పట్టుకున్నాయి, జారాయి, మళ్ళీ పట్టుకున్నాయి. ఆమె వేగం పెంచలేదు, తగ్గించలేదు. జీపు గునుస్తూ గునుస్తూ పైకొచ్చి ఆస్పత్రి ముందు నిలిచింది.

నాన్న దిగి, ఎక్కొచ్చిన దారిని చాలాసేపు చూశాడు. తర్వాత టైరు పక్కన కూర్చుని బొటనవేలితో నొక్కాడు.

"నేనైతే గాభరాపడి తొక్కేసేవాణ్ణి," అన్నాడు. ఆయన నోట అలాంటి మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి, వాన కాబట్టి సరిపోయింది. "ఉద్యోగంలో చేరు చిట్టీ. ఇంతకీ ఈ టైర్లు ఎవరు చెప్పారు?"

"ఒకతను. షాపు ఉంది. మొండివాడు. పని బాగా తెలుసు. నాకు నచ్చాడు నాన్నా, పెళ్ళంటూ చేసుకుంటే అతన్నే చేసుకుంటాను."

"నేను టైర్ల గురించి అడిగాను."

"నేను మొత్తం చెప్పాను."

నాన్న గొడుగు మూశాడు. మళ్ళీ తెరిచాడు. "పద, ఆ షాపు చూపించు."

ఒంటినిండా మట్టితో షాపులోకి వచ్చిన తండ్రీకూతుళ్ళని చూసి అతను లేచి నిలబడ్డాడు. కూర్చోండి అనడం కూడా మర్చిపోయాడు. ఆ మాట అతని తల్లే అంది.

"మా అమ్మాయి కొండ మీదే ఉంటుంది," అన్నాడు నాన్న, కూర్చోకుండానే. "కిందకి వచ్చెయ్యమంటే రాదు, నేనూ ఇక అనను. నీకేమో షాపు ఇక్కడ. ఏం చేద్దామని నీ ఉద్దేశం?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కనుబొమ్మ ఎగరేసింది. అంతే, అతనికి ధైర్యం వచ్చేసింది.

"ఆవిడ ఉద్యోగం వదలక్కర్లేదండీ. సగం వారం ఇక్కడ షాపు చూస్తాను, సగం వారం కొండ మీద ఉంటాను. ఆ పక్క ఇన్ని జీపులు తిరుగుతున్నాయి, టైర్లు చూసేవాడే లేడు. అమ్మతో కూడా మాట్లాడాను."

"మాట్లాడలేదు, చెప్పాడు," అంది తల్లి. "నేను సరే అన్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనో ఒకరితో వాడు వాదనలో ఓడిపోవాలి కదా."

"నన్నెవరైనా అడుగుతారా, లేక మీలో మీరే తేల్చేసుకుంటారా?" అంది ఆమె.

అతను చేతుల మసి గుడ్డకి తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా పోలేదు. అలాగే ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను చేసుకుంటారా?"

"చేసుకుంటాను," అంది ఆమె, ఆ మసి చెయ్యి పట్టుకుని. "కానీ ఆ దారిలో డ్రైవింగ్ నాదే."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "మిగతా మాటలు ఇంటి దగ్గర మాట్లాడుకుందాం, అందరూ పదండి," అని జీపు దగ్గరికి నడిచాడు. ఏ బండిలోనైనా ముందు సీటు తప్ప ఎరగని మనిషి, అలవాటుగా ముందు తలుపు తెరిచాడు. ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ తలుపు తెరిచే ఉంచి వెనక్కి వెళ్ళాడు. మందుల పెట్టెల పక్కన ఇరుగ్గా సర్దుకుని కూర్చున్నాడు.

"ఎక్కు బాబూ," అన్నాడు అక్కడి నుంచి.