మూడోసారి పలకనివాడు

ఐసు ఫ్యాక్టరీ నుంచి మా క్వార్టర్స్‌కి పది నిమిషాల నడక. అందులో ఆరు నిమిషాలు మూతపడ్డ కలప డిపో గోడ వెంబడే నడవాలి. ఆ గోడ చివర, గేటు పక్కన... తూకం గది.

ఒకప్పుడు కలప లారీలని తూచిన గది. ఇప్పుడు రేకుల కప్పు, ఒక తలుపు, పగిలిన కిటికీకి అడ్డంగా కొట్టిన చెక్కలు, బయట ఒక కుళాయి. పగలు చూస్తే జాలేస్తుంది. రాత్రి పది దాటాక మాత్రం ఆ ఊళ్ళో మగాడన్నవాడు ఆ వైపు రాడు. పడవల మీద తుఫాన్లు చూసినవాళ్ళు కూడా చుట్టూ తిరిగి, బురద తొక్కుకుంటూ, బజారు మీదుగా ఇళ్ళకి పోతారు.

"తలుపు కొడుతుంది" అంటారు. బయట్నుంచి కాదు — లోపల్నుంచి.

నేను ఎలక్ట్రీషియన్ని. పరాయి దేశంలోని ఆ ఊరికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఏజెంటు ఫోటోల్లో చూపించిన సముద్రం ఒక్కటే నిజం, మిగతాదంతా వాడి నోటిమాట. గదికి ముగ్గురం — నేను, వెల్డరు, బాబాయి. బాబాయి అంటే మా కంప్రెసర్ ఆపరేటరు. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాడు. వచ్చిన మొదటిరోజు పెద్దాయన కదా అని "మావయ్యా, బాత్రూమ్ ఎటు?" అని అడిగాను. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"ఆ పిలుపు వద్దు. బాబాయ్ అను. లేదా ఏమీ అనకు."

సరేలే, ముసలాడికి ఏదో తిక్క అనుకున్నాను. ఇంకో తిక్క కూడా ఉంది. మా గది తలుపుకి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకుల రంధ్రాలు. ఎవరు పీకారని అడిగితే, "తుప్పు పట్టింది, పీకేశా" అన్నాడు. దొంగల భయం ఉన్న ఊళ్ళో నేను ప్యాంటు జేబులో జీతం పెట్టుకుని పడుకునేవాణ్ణి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చీకటి పడ్డాక ఎవరు తలుపు కొట్టినా లోపలివాళ్ళు మూడుసార్లు "ఎవరు?" అని అడుగుతారు. బయటివాడు మూడుసార్లూ జవాబు చెప్పాలి. అప్పుడే గడియ తీస్తారు. చచ్చినవాడి గొంతు రెండుసార్లకే అయిపోతుందట. మూడోసారి పలకలేడట! కన్నతల్లి వచ్చి కొట్టినా సరే, మూడుసార్లు చెప్పాల్సిందే.

మేమంతా దీన్ని చూసి పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. వెల్డరైతే రోజూ బాత్రూమ్ తలుపు కొట్టి, "నేను, నేను, నేను, త్వరగా రారా బాబూ!" అని అరిచేవాడు. బాబాయి మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

తూకం గది సంగతి నాకు పూర్తిగా చెప్పింది ఫ్యాక్టరీ గేటు ముందు టీ అమ్మే ఆవిడ. ఆ ఊరి మనిషి. ఏడు నెలల్లో నాకు వాళ్ళ భాష బేరాలాడేంత వచ్చింది. ఒక సాయంత్రం గ్లాసులు కడుగుతూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

వాళ్ళ తమ్ముడు వలలు బాగుచేస్తాడు. ఒకరాత్రి పని ఆలస్యమై, తాగిన ధైర్యంతో గోడ వెంబడి వచ్చాడట. కరెంటు లేదు. గాలి లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి —

టక్... టక్... టక్.

ఆగిపోయాడు. కుక్కేమో అనుకున్నాడు. మళ్ళీ అదే చప్పుడు. తలుపు లోపల్నుంచి, చేత్తో కొట్టినట్టు... తర్వాత మాట వినిపించింది. ఒక గొంతు కాదు, రెండు! ఒకటి గట్టిది, అడుగుతోంది. ఇంకొకటి సన్నది, చెబుతోంది. అడగడం, చెప్పడం. అడగడం, చెప్పడం. మూడోసారి గట్టి గొంతు అడిగింది...

సన్న గొంతు పలకలేదు.

"ఆ తర్వాత ఏడుపు" అంది టీ ఆవిడ. "మనిషి ఏడుపులా లేదట. మా వాడు చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. ఇప్పటికీ ఆ చెప్పులు తెచ్చుకోలేదు."

"ఏం మాట్లాడుకున్నాయట?"

"ఎవరికి తెలుసు? దెయ్యాల భాష. మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. తొమ్మిదేళ్ళుగా అవే మాటలు. పిల్లలకి కూడా నోటికొచ్చు."

నేను నవ్వుతూ, "ఏదీ, చెప్పు చూద్దాం" అన్నాను.

ఆవిడ కెటిల్ కింద పెట్టింది. కళ్ళు మూసుకుని, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, అర్థం తెలియకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది —

"ఎవరూ?... మావయ్యా, నేనే."

టీ నా చేతి మీద ఒలికింది. కాలిన సంగతి కూడా తర్వాతే తెలిసింది. తెలుగు! మా దేశానికి ఇంత దూరంలో, మా పదిమంది తప్ప తెలుగు ముక్క తెలిసినవాడు లేని ఊళ్ళో, దెయ్యం తెలుగులో మాట్లాడుతోంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాబాయికి పదకొండుకి షిఫ్టు దిగడం. గదికి వచ్చేది పన్నెండున్నరకి. అడిగితే లాగ్‌బుక్ రాయాలంటాడు. ఐసు ఫ్యాక్టరీ లాగ్‌బుక్‌లో ఏముంటుంది — ప్రెషరు ఇంత, వేడి ఇంత, సంతకం. దానికి గంటన్నర ఎందుకు?

ఆదివారం నేనూ రెండో షిఫ్టే వేయించుకున్నాను. పదకొండుకి బాబాయి ముందు బయల్దేరాడు. కాసేపాగి నేనూ బయల్దేరాను. గోడ వెంబడి నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే భయం పుట్టించింది. టార్చి ఉంది. వెయ్యలేదు. వేస్తే ఏం కనబడుతుందో అని.

టక్... టక్... టక్.

తలుపుకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

"ఎవరూ?"

"మావయ్యా, నేనే..."

"ఎవరూ?"

"మావయ్యా... నేనే..." ఈసారి గొంతు బొంగురుపోయింది. గరగరమంటోంది.

"ఎవరూ?"

లోపల ఎవరో ఊపిరి ఎగబీలుస్తున్నారు. జవాబు రాదు. టీ ఆవిడ చెప్పినట్టే. ఎంతసేపని... ఒక నిమిషం... రెండు... ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. భయంతో అన్నానో, జాలితో అన్నానో, ఇప్పటికీ తెలియదు. నోట్లోంచి వచ్చేసింది —

"నేనే!"

తలుపు భళ్ళున తెరుచుకుంది. బాబాయి! రెండు చేతులూ చాచి, నోరు తెరిచి, కళ్ళనిండా నీళ్ళతో... అంత సంతోషం నేను ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు. ఒక్క క్షణం. తర్వాత నన్ను గుర్తుపట్టాడు. చేతులు దిగిపోయాయి. ఆ ముఖం మారడం చూసినందుకు నన్ను నేను క్షమించుకోలేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నువ్వా" అన్నాడు. లోపలికి వెళ్ళి నేల మీద కూలబడ్డాడు.

లోపల ఇంకెవరూ లేరు, రెండు గొంతులూ ఆయనవే. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి చెప్పాడు, ముక్కలు ముక్కలుగా.

"మా చెల్లెలి కొడుకు. నేనే తీసుకొచ్చా, ఫ్యాక్టరీలో పెట్టించా. ఆ రోజు సముద్రంలో పోయినవాడి శవాన్ని మన ఐసు మీద పెట్టారు. రాత్రి షిఫ్టు వీడిది. కరెంటు పోయింది. గదిలో మేం ముగ్గురం... నవ్వుకునేవాళ్ళమే మేమూ. నీలాగే. కానీ శవం వచ్చిన రోజు కదా, అందరికీ లోపల బెరుకు. రెండింటికి తలుపు కొట్టారు. ఎవరూ అన్నా. మావయ్యా నేనే అన్నాడు. వాడి గొంతే. తీయబోయా. మిగతా ఇద్దరూ చెయ్యి పట్టుకున్నారు — ఉండు బాబాయ్, మూడుసార్లు అడుగు అని. రెండోసారి అడిగా. చెప్పాడు. గొంతు ఏదోలా ఉంది. మూడోసారి అడిగా..."

అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"కొడుతూనే ఉన్నాడు రా. చాలాసేపు కొట్టాడు. మాట మాత్రం రాలేదు. గడియ మీద నా చెయ్యి ఉంది. నేను తీయలేదు."

ఆ రాత్రి ఫ్యాక్టరీలో ఐసు గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు పైపు పగిలిందట. అది పీలిస్తే గొంతు లోపల్నుంచి కాలిపోతుంది. ఆ వాసన తెలియలేదా అని అడగబోయి ఆగిపోయాను. మా ఒళ్ళూ, మా బట్టలూ, మా దుప్పట్లూ ఎప్పుడూ అదే వాసన.

"తెల్లారాక ఇక్కడ దొరికాడు. ఆ కుళాయి తిప్పి ఉంది. కరెంటు లేక నీళ్ళు రాలేదు. గంటలోపు తెచ్చుంటే బతికేవాడన్నాడు డాక్టరు. ఆ గంటంతా వాడు నా తలుపు దగ్గరే ఉన్నాడు."

"మరి రోజూ ఇక్కడ..."

"ఆ మూడోసారి వాడి బదులు నేను చెబుదామని. చెప్పి, తలుపు తీద్దామని. తొమ్మిదేళ్ళయింది. ఒక్కరోజూ నోరు పెగల్లేదు."

నీ తప్పేం లేదు బాబాయ్ అనాలా? ఆ మాట అనడానికి నాకు మనసొప్పలేదు. నేను లోపలుంటే తీసేవాణ్ణి అనుకోవడానికి ధైర్యమూ చాలలేదు.

అప్పుడే ఆ చీకట్లో ఏదో గుర్రుమంది. ఇద్దరం ఎగిరిపడ్డాం. బాబాయి ఫోను. పన్నెండున్నర దాటింది. ఆదివారం కదా, చెల్లెలు. మన దేశంలో వాళ్ళకి ఇంకా పొద్దుపోని వేళ. ప్రతి ఆదివారం గదిలో పడుకుని ఈయన వైపు మాట నేను వింటూనే ఉన్నాను — "లేదమ్మా... నిద్రలోనే... ఏమీ అనలేదమ్మా." ఎవరో ముసలాయన పోయాడు కాబోలు అనుకునేవాణ్ణి.

చీకట్లో ఆయనకి బటన్ దొరక్కపోతే నేనే స్పీకర్ నొక్కి ఇచ్చాను.

"తిన్నావా అన్నయ్యా?"

"తిన్నానమ్మా."

"మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకు. రాత్రి కల్లోకొచ్చాడు. మాట్లాడకుండా గుమ్మంలో నిలబడ్డాడు. చివర్లో వాడు నిజంగా ఏమీ అనలేదా?"

ఎప్పుడూ చెప్పే అబద్ధం నోటిదాకా వచ్చి ఉంటుంది. బాబాయి నావైపు చూశాడు.

"అన్నాడమ్మా" అన్నాడు. "నా దగ్గరికే వచ్చాడు. తలుపు కొట్టాడు. మావయ్యా, నేనే అన్నాడు."

అటువైపు ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. ఆవిడ గొంతులో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది.

"నిన్ను పిలిచాడా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం! ఒంటరిగా పోలేదన్నమాట నా బిడ్డ... తలుపు తీశావుగా?"

బాబాయి పెదవులు కదిలాయి.

"అన్నయ్యా? తీశావా?"

బయట కుళాయి గొట్టంలో గాలి బుసకొట్టింది. ఆవిడ గొంతు ఈసారి చాలా నెమ్మదిగా వచ్చింది.

"అన్నయ్యా... తలుపు తీశావా?"

బాబాయి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. అటువైపు ఆవిడ ఫోను పెట్టెయ్యకుండా వింటూనే ఉంది.